34 గొర్రెలున్నా చేతిలో డబ్బు ఎందుకు మిగలడం లేదు? జాతి మార్చాలా, పొట్టేలు మార్చాలా?

నారాయణపేట వైపు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. కుదించి రాస్తున్నాను. 2018లో వాళ్ల నాన్నగారికి సబ్సిడీ మీద 20 గొర్రెలు, ఒక పొట్టేలు వచ్చాయి. ఇప్పుడు మందలో 34 తల్లి గొర్రెలున్నాయి. నాలుగెకరాల మెట్ట ఉంది, తండ్రీ కొడుకులే మేపుకుంటున్నారు. నిరుడు అమ్మింది 15 పిల్లలే. మందులు, దాణా, కొన్న గడ్డి ఖర్చు పోను ఏమీ మిగల్లేదట. "వీడియోల్లో చూపిస్తున్న డార్పర్ పొట్టేలు తెస్తే పిల్లల బరువు పెరిగి లాభం వస్తుందా అన్నా? లేదంటే కవలల్ని ఈనే నారి సువర్ణ గొర్రెలు తేవాలా?" అని అడిగాడు.

సూటిగా చెప్పేస్తాను తమ్ముడూ. ఇప్పుడు ఏ కొత్త జాతీ తేవద్దు. ముందు మందలో ఉన్న పొట్టేళ్లను మొత్తం మార్చండి. ఈనకుండా తిరిగే గొర్రెలను తీసేయండి. పుట్టిన పిల్ల చావకుండా చూడండి. ఈ మూడూ చేశాక కూడా డబ్బు కనిపించకపోతే అప్పుడు జాతి సంగతి మాట్లాడుకుందాం. మీకు నష్టం వస్తున్నది పిల్లల బరువు దగ్గర కాదు, పిల్లల సంఖ్య దగ్గర.

మాది కనిగిరి వైపు. తాతల నాటి నుంచీ ఇంట్లో జీవాలున్నాయి. నేను సొంతంగా మంద చూసుకోవడం మొదలుపెట్టి 22 ఏళ్లయింది. ఇప్పుడు 80 తల్లి గొర్రెలు, అన్నీ నెల్లూరు జొడిపి (నెల్లూరు జాతిలో ఒక రకం). నేను పశువైద్యుణ్ని కాదు. మందులు, మోతాదుల విషయంలో మీ డాక్టరు మాటే వినండి. మిగతాదంతా నేను చేసి చూసింది, కొంత పోగొట్టుకుని నేర్చుకున్నది.

ముందు లెక్క చూద్దాం. 15 అమ్మారు, ఐదారు ఆడపిల్లల్ని మందలో ఉంచుకుని ఉంటారు. అంటే 34 గొర్రెల నుంచి ఏడాదికి మీకు దక్కినవి ఇరవై పిల్లలు. గొర్రె చూలు ఐదు నెలలు, దగ్గరదగ్గర 147 నుంచి 150 రోజులు. ఈనిన తర్వాత పిల్లకు మూడు నెలలు పాలిచ్చి మళ్లీ కట్టుకుంటే (చూలు నిలిస్తే) ఎనిమిది నెలలకు ఒక ఈత వస్తుంది. పుస్తకాల్లో రెండేళ్లకు మూడు ఈతలని రాసేది దీన్నే. బయట మేపుకునే మందలో అన్నీ అలా రావు. మా మందలో సగటున తొమ్మిది నెలలకొస్తుంది, మీకూ అదే వేసుకుందాం. 34 గొర్రెలకు ఏడాదికి 45 ఈతలు రావాలి. పదింట ఒకటి తప్పిపోతే 40. పుట్టినవాటిలో పదింట ఒకటి చనిపోతే 36 పిల్లలు. మీకు దక్కినవి 20. మిగతా 16 ఎక్కడికి పోయాయి?

నాలుగు నెలల పిల్ల 18 కిలోలు తూగుతుందనుకుందాం, లైవ్ కేజీ (బతికున్న జీవం తూకం) 400 రూపాయలు వేసుకుందాం (మీ సంత ధర మీకు తెలుసు, అది వేసుకోండి). ఒక్కో పిల్ల 7,200. పదహారు పిల్లలంటే 1,15,200 రూపాయలు. అదే మీరు డార్పర్ పొట్టేలు తెచ్చి, ఉన్న ఇరవై పిల్లలూ ఒక్కోటి మూడు కిలోలు ఎక్కువ తూగాయనుకోండి. 60 కిలోలు, 24,000 రూపాయలు. పొట్టేలు ధర అందులోనే తీసేయాలి. అందుకే ముందు పిల్లల సంఖ్య సరిచేసుకోమంటున్నాను.

## మీ ప్రశ్నలో నన్ను ఆపేసిన మాట

"బయటి నుంచి పొట్టేలు ఎప్పుడూ కొనలేదన్నా, మంచివి మందలోనే పుట్టాయి" అని రాశారు. నాకు టెన్షన్ అక్కడే మొదలైంది.

మీ నాన్నగారికి గొర్రెలొచ్చిన, తెలంగాణలో 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో యూనిట్ అంటే 20 గొర్రెలు, ఒక పొట్టేలు. ఇరవైకి ఒకటి సరిపోతుంది, లెక్క సరైనదే. కానీ ఆ పొట్టేలును రెండేళ్లకు మార్చుకోవాలి. మార్చకపోతే ఏమవుతుందో చూడండి. 2018లో వచ్చిన పొట్టేలుకు 2019లో ఆడపిల్లలు పుట్టాయి. 2020 కల్లా అవి ఎదకొచ్చాయి. మందలో ఉన్నది వాటి తండ్రే. ఆ తర్వాత దాని కొడుకు విత్తనపు పొట్టేలయ్యాడు. వాడు దాటింది అక్కచెల్లెళ్లను. ఏడెనిమిదేళ్లలో మీ మందంతా ఒకే రక్తమైపోయింది.

రక్తం దగ్గరైతే పిల్ల పుట్టగానే చచ్చిపోతుందని కాదు. నష్టం నెమ్మదిగా, కనిపించకుండా వస్తుంది. గొర్రె ఒక ఎదకు కట్టకుండా రెండో ఎదకు కడుతుంది. పిల్ల అరకిలో తక్కువ పుడుతుంది. చలి రాత్రి తట్టుకోలేదు. వచ్చిన ప్రతి జబ్బూ దానికే పట్టుకుంటుంది. ఒక్కోటి విడిగా చూస్తే "ఈ ఏడు బాగాలేదు" అనిపిస్తుంది, అంతే.

నాకు జరిగింది చెబుతాను. 2009లో ఒక పొట్టేలు ఉండేది. నిటారుగా, పొడుగు కాళ్లతో, దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. దాన్ని అమ్మబుద్ధి కాలేదు. నాలుగేళ్లు ఉంచాను. మూడో ఏట నుంచి పిల్లలు చిన్నవిగా పుట్టడం మొదలైంది. చేతిలోకి తీసుకుంటే తెలిసేది, రెండు కిలోలు కూడా లేవు. ఒక ఈతలో రెండు పిల్లలకు కింది దవడ పొట్టిగా ఉంది, పొదుగు అందుకోలేకపోయాయి. మా అమ్మ దిష్టి తీసింది. నేను మందులు మార్చాను, గడ్డి మార్చాను. చివరికి శిక్షణ కోసం వెళ్లినచోట ఒక పెద్ద డాక్టరుగారు అన్నీ విని "పొట్టేలు ఎన్నేళ్ల నుంచి ఉంది?" అని ఒక్క ప్రశ్న అడిగారు. నాకు అక్కడికక్కడే అర్థమైంది. ఉదయగిరి వైపు తెలిసిన రైతు దగ్గర నుంచి సంబంధం లేని పొట్టేలు తెచ్చాను. తర్వాతి ఈతలో పిల్లలు పుట్టిన అరగంటకే లేచి పొదుగు వెతుక్కున్నాయి. నాలుగేళ్ల పాటు నేను పోగొట్టుకున్నదెంతో ఆ రోజు కూర్చుని లెక్క వేసుకున్నాను. మీకు ఆ బాధ వద్దని ఇంత వివరంగా రాస్తున్నాను.

కాబట్టి మీ మందలో పుట్టిన మగవన్నీ మాంసానికే. ఎంత బాగున్నా సరే. 34 గొర్రెలకు ఒక పూర్తి వయసు పొట్టేలు, దానికి తోడు రెండు పళ్ల కుర్ర పొట్టేలు ఒకటి తెచ్చుకోండి. రెండూ వేర్వేరు మందల నుంచి ఉంటే ఇంకా మంచిది. రెండేళ్లకు మళ్లీ మార్చేయాలి. డబ్బు పెట్టి కొనక్కర్లేదు, పక్క మండలంలో ఇలాగే జాగ్రత్తగా చేసే రైతు ఉంటే మార్పిడి చేసుకోవచ్చు.

## పొట్టేలును ఎలా చూడాలి

సంతలో చూసి కొనవద్దు. సంతకొచ్చే పొట్టేలు ఎందుకొచ్చిందో మనకు తెలియదు. మందకే వెళ్లండి, ముందు తల్లిని చూపించమనండి. పొట్టేలు సోకు దాణాతో వస్తుంది. తల్లి పొదుగు దాణాతో రాదు. తల్లి ఎన్ని ఈతలు ఈనింది, ఎంత ఎడంతో ఈనింది, ఒక్కసారైనా కవలల్ని ఈని రెంటినీ పెంచిందా, ఇవి అడగండి. నిజంగా మంద చూసుకునే మనిషి టకటకా చెప్పేస్తాడు. నసిగితే ఇంకో ఊరు చూసుకోండి.

తర్వాత పొట్టేలు దగ్గరికి రండి. నోరు తెరవండి. కింది పళ్లు పై చిగురుకు సరిగ్గా ఆనాలి, ముందుకో వెనక్కో ఉండకూడదు. రెండు పళ్లుంటే ఏడాది నుంచి ఏడాదిన్నర, నాలుగుంటే దగ్గరదగ్గర రెండేళ్లు. వెనక్కి వెళ్లి వృషణాలు చేత్తో పట్టి చూడండి. రెండూ దిగి ఉండాలి, సమానంగా ఉండాలి, పండిన నిమ్మకాయలా గట్టిగా, సాగినట్టు ఉండాలి. మెత్తబడిపోయినా, గడ్డలు తగిలినా వద్దు. ఒకటే దిగింది ఉచితంగా ఇచ్చినా వద్దు, ఆ లోపం పిల్లలకు వస్తుంది. పాతిక అడుగులు నడిపించండి. వెనక కాళ్లు ఒకదానికొకటి రాసుకోకూడదు, గిట్టల మధ్య పుండు ఉండకూడదు. బాగా కొవ్వెక్కిన పొట్టేలు కంటే వెన్ను మీద చెయ్యి వేస్తే ఎముక కొంచెం తగిలేదే పనికొస్తుంది.

బ్రూసెల్లా పరీక్షకు రక్తం తీయించడం మర్చిపోవద్దు. అది ఉన్న పొట్టేలు మందలోకి వస్తే గొర్రెలు ఈసుకుపోవచ్చు (కడుపు పోవచ్చు), మనుషులకూ అంటుకుంటుంది. తెచ్చాక మూడు వారాలు విడిగా కట్టేసి ఉంచండి, నట్టల మందు పట్టించండి, టీకాలు వేయించండి.

ధర సంగతి. మంచి విత్తనపు పొట్టేళ్లకు మాంసం ధర కంటే ఎక్కువే అడుగుతారు. రెంటి మీద కలిపి పది పన్నెండు వేలు ఎక్కువైనా పెట్టండి. రెండేళ్లలో వాటి వల్ల మీకు సుమారు 70 పిల్లలు వస్తాయి. ఒక్కో పిల్ల కిలోన్నర ఎక్కువ తూగినా 105 కిలోలు, 42,000 రూపాయలు. గొర్రె మంచిదైతే ఆ రెండేళ్లలో రెండు మూడు మంచి పిల్లల్నే ఇస్తుంది. పొట్టేలు మంచిదైతే మందలో పుట్టే ప్రతి పిల్లలోనూ సగం మంచితనం వస్తుంది. పలమనేరులోని పశు పరిశోధన స్థానం నెల్లూరు జాతి మీద పనిచేస్తుంది, అక్కడా అడిగి చూడండి. మీకు దగ్గరలో అయితే కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లను అడగండి, నమ్మకమైన మందలు వాళ్లకు తెలిసి ఉంటాయి.

## ఏది కట్టింది, ఏది కట్టలేదు

మీ నాన్నగారికి చాలావరకు కళ్లకు తెలిసిపోతుంది, కాదనను. కానీ 34 గొర్రెలను గుర్తుపెట్టుకోవడం వేరు, 34 గొర్రెల తేదీలు గుర్తుపెట్టుకోవడం వేరు. నేను చేసే పద్ధతి చెబుతాను, ఖర్చు యాభై రూపాయలు కూడా కాదు.

గోడలకు పూసే ఎర్ర జాజు ఉంటుంది కదా, దాన్ని వంటనూనెలో చిక్కగా కలిపి పొట్టేలు రొమ్ముకు పూస్తాను, ముందు కాళ్ల మధ్య. రెండు రోజులకోసారి మళ్లీ పూయాలి. పొట్టేలు దాటిన గొర్రె తోక పైన, నడుము మీద ఎర్రగా అంటుకుంటుంది. తెల్ల గొర్రెల మీద అయితే పొద్దున దొడ్డి తలుపు తీయగానే కనిపిస్తుంది. ఆ నంబరు, తేదీ నోట్‌బుక్‌లో రాసుకుంటాను. గొర్రెకు 17 రోజులకోసారి ఎద. 17 రోజులయ్యాక జాజు ఆపి, బట్టలకు పెట్టే నీలి పొడి నూనెలో కలిపి పూస్తాను. ఎరుపు ఉండి నీలం పడలేదంటే కట్టినట్టు. ఎరుపు మీద నీలం కూడా పడితే మొదటిసారి నిలవలేదన్నమాట. ఎక్కువ గొర్రెలకు ఇలా రెండు రంగులూ పడుతుంటే లోపం గొర్రెల్లో లేదు, పొట్టేలులో ఉంది. వెంటనే మార్చేయాలి. ఇది తెలియకపోతే ఐదు నెలలు ఎదురుచూసి అప్పుడు తల పట్టుకుంటాం.

కట్టిన తేదీ తెలిస్తే ఇంకో లాభం ఉంది. ఏ గొర్రె ఏ వారం ఈనుతుందో ముందే తెలుస్తుంది, ఆ వారం దాన్ని మేతకు దూరం పంపం.

పొట్టేలును ఏడాది పొడవునా మందలో వదిలేయవద్దు. జూన్, జూలైలో ఒకసారి వదలండి, మళ్లీ ఫిబ్రవరి, మార్చిలో. మిగతా రోజుల్లో విడిగా కట్టేసుకోవాలి. కుదరకపోతే పొట్ట కింద గోనెగుడ్డ గట్టిగా కట్టి మందతో పంపండి, దాటలేదు. అలా చేస్తే పిల్లలన్నీ రెండు కారుల్లో (సీజన్లలో) పుడతాయి. ఒకే వయసువి కాబట్టి మందు, టీకా ఒకేసారి అయిపోతాయి. సంతలో పాతిక ఒకే సైజు పిల్లలుంటే కొనేవాడు మీ దగ్గరికే వస్తాడు.

## తీసేయడం

నాకు ఇది చాలా కష్టమైన పని. ఇప్పటికీ అంతే. మా ఇంట్లో ఒక గొర్రె ఉండేది, అమ్మ చేత్తో అన్నం తినేది. వరసగా రెండు కారులు కట్టలేదు, మూడోసారి ఈనినా పొదుగు ఒకవైపు గట్టిపడి పాలు రాలేదు. అమ్మ అడ్డుపడింది, ఇంకో ఏడాది ఉంచాం. అలాంటివి ఆ రోజుల్లో మందలో పదకొండు ఉన్నాయని నోట్‌బుక్ తీశాక తెలిసింది. పదకొండు గొర్రెలు, ఏడాది మేత, నట్టల మందు, కాపలా. మిగతావాటి సంపాదన తింటున్నాయి.

మా నియమం ఇప్పుడు ఇది. రెండు కారులు వరసగా కట్టకపోతే అమ్మేయడం. పొదుగు ఒకవైపు చచ్చిపోతే పిల్ల విడిచాక అమ్మేయడం. రెండుసార్లు పిల్లను దగ్గరికి రానివ్వకుండా తన్నితే అమ్మేయడం. ముందు పళ్లు ఊడటం మొదలైతే, ఇంకా ఒంట్లో కండ ఉండగానే అమ్మేయడం. చిక్కిపోయాక ఎవడూ ధర ఇవ్వడు. వీటి స్థానంలో ఆడపిల్లల్ని ఉంచుకునేటప్పుడు అందంగా ఉన్నదాన్ని కాదు, ఏ గొర్రె త్వరగా మళ్లీ కట్టిందో దాని కూతుర్ని ఉంచండి. కానీ పాతిక కిలోలు దాటకుండా, ఏడాది నిండకుండా ఆ ఆడపిల్లను పొట్టేలు దగ్గరికి పోనివ్వద్దు. చిన్నప్పుడే కడితే పెరుగుదల ఆగిపోయి జన్మంతా పొట్టిగానే ఉంటుంది.

మీ విషయంలో ఒక జాగ్రత్త. ఇప్పుడు కట్టని గొర్రెలన్నీ గొడ్డువని అనుకోవద్దు. పొట్టేలు లోపమూ కావచ్చు, మేత లోపమూ కావచ్చు. కొత్త పొట్టేలుకు ఒక కారు అవకాశం ఇచ్చి అప్పుడు తీసేయండి.

## పిల్ల చావులు

మీరు రాయలేదు కానీ, పుట్టినవెన్ని, పోయినవెన్ని అని నాన్నగారిని అడిగి చూడండి. చాలా మందల్లో పోయే పిల్లలు మొదటి వారంలోనే పోతాయి.

దీనికి మూలం పిల్ల పుట్టడానికి నెలన్నర ముందే ఉంటుంది. కడుపులో పిల్ల బరువులో ఎక్కువ భాగం ఆఖరి ఆరు వారాల్లోనే పడుతుంది. అప్పుడు తల్లికి బయట మేతతో పాటు పావుకిలో దాణా పెట్టండి. మొక్కజొన్న నూక, తవుడు, వేరుశనగ చెక్క, కొంచెం ఉప్పు, మినరల్ మిక్చర్. మీ దగ్గర కంది పొట్టు, వేరుశనగ కట్టె ఉంటే దాచుకోండి, అవి బంగారం. ఇదే పావుకిలో దాణాను పొట్టేలు వదలడానికి రెండు మూడు వారాల ముందు నుంచి పెడితే గొర్రెలు బాగా ఎదకొస్తాయి. ఏడాదంతా పెట్టక్కర్లేదు. ఈ రెండు సమయాల్లో పెట్టేది వృథా పోదు.

పుట్టిన గంటలోపు ముర్రుపాలు తాగాలి. మొదటి ధార పిండేసి, పిల్ల నోటికి అందించండి. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పూయండి.

నవంబరు, డిసెంబరు ఈతల్లో చలి చంపేస్తుంది. తెల్లవారుజామున మూడున్నరకు లేచి దొడ్డి చూడటం నాకు అలవాటు. పిల్ల మెడ వాల్చి పడి ఉంటే ముందు నోట్లో వేలు పెట్టి చూస్తాను. నోరు వెచ్చగా ఉండి చప్పరిస్తే ఆకలి, పాలు పట్టిస్తే లేస్తుంది. నోరు చల్లగా ఉండి చప్పరించకపోతే పాలు పోయవద్దు. మింగలేదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు గోనెపట్టాతో గట్టిగా తుడిచి, వేడి నీళ్ల సీసాలు గుడ్డలో చుట్టి రెండు పక్కలా పెట్టి, నోరు వెచ్చబడ్డాకే పిండిన ముర్రుపాలు కొంచెం కొంచెంగా పట్టించాలి. పోయిన కారులో ఒకే రాత్రి మూడు పిల్లల్ని ఇలా మా వంటింట్లో పొయ్యి పక్కన పడుకోబెట్టాం. మూడూ బతికాయి. మూడూ కలిపి 21,000కు అమ్ముడయ్యాయి.

మూడో వారం నుంచి పిల్లలకు మాత్రమే దూరే వీలుండేలా వెదురు తడిక కట్టి లోపల కొంచెం దాణా పెట్టండి. అవిశ రెమ్మలు, సుబాబుల్ రెమ్మలు వేలాడదీయండి. సుబాబుల్ ఒక్కటే మేపవద్దు, మొత్తం మేతలో మూడో వంతు దాటితే వెంట్రుకలు రాలతాయి, ఎదుగుదల తగ్గుతుంది. లేత జొన్న చేలోకి, కోసిన తర్వాత పిలకలేసిన జొన్నలోకి మందను పోనివ్వద్దు. నాము (ఆ లేత జొన్నలో ఉండే విషం) తిని పడిపోతే డాక్టరు వచ్చేలోపే పోతాయి.

## జబ్బుల గురించి క్లుప్తంగా

తొలకరికి ముందే చిటుక రోగం టీకా. కొత్త గడ్డి ఆశగా తిని రాత్రికి రాత్రి పోయేవి ఎక్కువగా దీనితోనే. పారుడు రోగం (పి.పి.ఆర్.) టీకా నాలుగు నెలలు దాటిన ప్రతి పిల్లకూ. నీలి నాలుక, బొబ్బ రోగం టీకాలు మీ పశువైద్యశాలలో ఎప్పుడొస్తాయో ముందే అడిగి పెట్టుకోండి.

నట్టల మందు అందరికీ తెలిసిందే, కానీ మోతాదు కంటిచూపుతో వేయడం వల్ల పని చేయడం లేదు. మందలో అన్నిటికంటే పెద్ద గొర్రెను తూచి, ఎంత మందు అవసరమో డాక్టరును అడగండి. కింది కనురెప్ప తిప్పి చూడటం అలవాటు చేసుకోండి. ఎర్రగా ఉంటే పర్వాలేదు. కాగితంలా తెల్లబడితే నట్టలు రక్తం తాగేస్తున్నట్టే. పొట్టేలు మందలో ఉన్నన్నాళ్లూ, దాన్ని విడగొట్టాక నెలన్నర వరకూ ఆల్బెండజోల్ (ఒక నట్టల మందు) పట్టించవద్దు, కడుపులో పిల్లకు ప్రమాదం. ఆ సమయంలో ఏ మందు పట్టించాలో డాక్టరునే అడగాలి.

## అమ్మకం

తూకం కొనండి. వేలాడదీసే డిజిటల్ కాటా చాలు. నేను కాటా కొన్న కొత్తలో, దళారి కంటిచూపుతో "పద్నాలుగు కిలోలు" అని తేల్చిన పిల్లను అతని ముందే వేలాడదీశాను. పదిహేడున్నర. అతనేం మాట్లాడలేదు, ధర మార్చాడు. అంతకుముందు ఎన్నేళ్లు, ఎన్ని పిల్లల్ని మూడేసి కిలోలు తక్కువకు ఇచ్చేశానో తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. గుడ్డ కింద వేళ్లు పట్టి చేసే బేరంలో మన బరువు మనకు తెలియకపోతే మనకు బలం లేదు.

నాలుగు నెలలకు అమ్మాలా, పెంచి బక్రీద్‌కు అమ్మాలా అని మీకు వచ్చే ఏడాది ప్రశ్న వస్తుంది. మా దగ్గర సగం సగం చేస్తాం. బక్రీద్ ఏటా పది పదకొండు రోజులు ముందుగా వస్తుంది, ఏ కారు పిల్లలు అందుతాయో ముందే లెక్క వేసుకోవాలి. ఆ పండక్కి కొమ్ము విరగని, చెవి చిరగని, కుంటని పొట్టేలుకే ధర. కాబట్టి ఉంచుకునే వాటికి చెవి కత్తిరించి గుర్తు పెట్టవద్దు, మెడకు బిళ్ల కట్టండి.

మందకట్టడం (ఎరువు కోసం రాత్రిళ్లు మందను చేలో ఉంచడం) వల్ల వచ్చే డబ్బు కూడా లెక్కలో రాసుకోండి. మీ సొంత నాలుగెకరాల్లో కట్టుకున్నా అది ఎరువు ఖర్చు మిగిలినట్టే. మీ ఇద్దరి కూలి కూడా ఖర్చులో రాయాలి. ఇంటి మనుషులు కదా అని వదిలేస్తే లాభమో నష్టమో ఎప్పటికీ తేలదు.

## ఇక మీరు అడిగిన జాతుల సంగతి

డార్పర్ దక్షిణాఫ్రికాలో తయారుచేసిన మాంసం జాతి. కండ పట్టడంలో దానికి పేరుంది, కాదనను. కానీ ఆ కండ మేత నుంచి రావాలి. రోజుకు పది కిలోమీటర్లు నడిచి ఎండుగడ్డి ఏరుకునే మందలో ఆ రక్తం ఉన్నా మేత లేకపోతే బరువు రాదు. పైగా క్రాస్ అని అమ్మేవాటిలో అసలు రక్తం ఎంతో కాగితం లేకుండా ఎవరికి తెలుసు? బోరు కింద పచ్చిమేత వేసి కొట్టంలో పెంచేవాళ్లు, పుట్టినవన్నీ మాంసానికే అమ్మేసేవాళ్లు ప్రయత్నించవచ్చు. వాటి ఆడపిల్లల్ని మాత్రం మందలో కలుపుకోవద్దు. మన నెల్లూరు గొర్రె నడక, ఎండను తట్టుకునే ఓపిక ఒకసారి పోతే తిరిగి రావు.

నారి సువర్ణ మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో నింబ్‌కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ తయారుచేసింది. సుందరవనాల వైపు ఉండే గరోల్ గొర్రెల్లోని కవలల జన్యువును దక్కనీ గొర్రెల్లోకి తెచ్చారు. నిజమైన పని, నాకు గౌరవం ఉంది. కానీ కవలలు పుడితే రెండింతల పాలు కావాలి, ఈనినచోట మనిషి ఉండాలి. ఒక్క పిల్లను బతికించుకోలేని మందలో రెండు పుడితే రెండూ పోతాయి. మీకు వరసగా రెండు కారులు పిల్ల చావులు పదింట ఒకటికి తగ్గితే అప్పుడు ఆ పొట్టేలును ఒక పది గొర్రెల మీద వేసి చూడండి.

ఎవరో మీకు నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ కింద 100 గొర్రెలు, 5 పొట్టేళ్ల యూనిట్‌కు 10 లక్షల వరకు సబ్సిడీ వస్తుంది, తీసుకోమని చెప్పారని రాశారు. పథకం నిజమే, 50 శాతం సబ్సిడీ. మిగతా సగం మాత్రం అప్పు చేసో, సొంత డబ్బుతోనో మీరే పెట్టుకోవాలి. 34 గొర్రెల్లో నష్టం ఎక్కడుందో తెలియకుండా 100కు వెళ్తే అదే నష్టం మూడింతలవుతుంది. రెండేళ్లు ఆగండి.

ఇప్పుడు మార్చి కదా. మీ పొట్టేళ్లను, పెరిగిన మగపిల్లల్ని ఈ వారంలోనే మంద నుంచి విడగొట్టండి, ఉగాదికి ధర ఉంటుంది, అమ్మేయండి. కొత్త పొట్టేళ్లను ఏప్రిల్ మొదటి పక్షంలోపే తెచ్చుకోండి, రాత్రి ప్రయాణంలో. మే ఎండలో లారీలో తెస్తే వీర్యం దెబ్బతింటుంది, మళ్లీ కొత్తది తయారవడానికి ఏడు వారాలు పడుతుంది, జూన్ కారు పోతుంది. ఎండాకాలమంతా వాటికి నీడ, నీళ్లు, రోజుకు అరకిలో దాణా. మే చివరి వారం నుంచి గొర్రెలకు పావుకిలో దాణా మొదలుపెట్టండి. జూన్ రెండో వారంలో జాజు పూసి వదలండి. పూసిన రోజు నుంచి 17 రోజులకు ఎన్ని ఎర్రబడ్డాయో, ఆ తర్వాత 17 రోజులకు ఎన్నిటి మీద నీలం పడిందో ఇక్కడే రాయండి, ఏ గొర్రె సంగతేంటో కలిసి చూద్దాం.